సమాపక క్రియ లేని రెజ్యూమే

కళాశాలలో చివరి సంవత్సరము ఆరంభమై, ప్లేస్‌మెంటు కార్యాలయము వారి ప్రకటన నోటీసు బోర్డు మీదికి వచ్చి, రేపు సాయంకాలము అయిదు గంటలలోగా రెజ్యూమేలు పంపవలెనని వాట్సాప్ గ్రూపులో సందేశము వెలువడిన రాత్రి, హాస్టలు గదులలో ఏమి జరుగునో మీకు తెలియనిది కాదు. నిరుడు ఉద్యోగము సంపాదించి వెళ్లిన సీనియరు ఫైలు ఒకటి ఫోనునుండి ఫోనునకు చేరుచు వచ్చును. ఒకరు పేరు మార్చుదురు, ఒకరు నంబరు మార్చుదురు, ఒకరు మార్కులు మార్చుదురు. తెల్లవారుసరికి నలువదిమంది విద్యార్థులు నలువది పేర్లతో ఒకే జీవితమును గడపినవారై బయలుదేరుదురు. ఆ నలువదింటిలో మీ కాగితము కూడ ఉన్నదా? ఉన్నచో సిగ్గుపడవలదు. ఇన్నేండ్ల చదువులో ప్రశ్నకు సమాధానము వ్రాయుట మీకు నేర్పిరి గాని, తన్ను గూర్చి తాను నాలుగు పంక్తులు సత్యముగా, క్లుప్తముగా వ్రాసికొనుట ఏ తరగతిలోను పాఠ్యాంశము కాలేదు. ఆ పాఠమును ఇప్పుడు మనము కలిసి చదువుకొందము.

మొదట ఈ కాగితము ఎందులకో నిశ్చయించుకొనుట మంచిది. మన ఇండ్లలో వాడుకలో నున్న బయోడేటా మీ పుట్టుపూర్వోత్తరములను తెలుపును. కరిక్యులమ్ విటే అను లాటిన్ మాటకు జీవితగమనమని అర్థము. అది మీ విద్యావ్యాసంగమునంతయు ఏకరువు పెట్టును. రెజ్యూమే ఫ్రెంచి మాట; సంగ్రహింపబడినదని దాని అర్థము. అనగా ఒకానొక ఉద్యోగమునకు పనికివచ్చునంతమేరకు మీరు చేసిన పనుల సంగ్రహమే రెజ్యూమే. అది మీకు ఉద్యోగమును తెచ్చిపెట్టదు. మీ ముఖమెరుగని ఒక వ్యక్తి, వందలకొలది కాగితముల నడుమ మీ కాగితమును ప్రక్కకు తీసి పెట్టి, మిమ్ము పిలిపించి, "దీనిని గురించి కొంచెం చెప్పండి" అని అడుగునట్లు చేయుటయే దాని ప్రయోజనము. అంతకు మించిన భారమును దాని మీద మోపినందువలననే తక్కిన దోషములన్నియు పుట్టుచున్నవి.

చిన్నతనమున తెలుగు వ్యాకరణములో సమాపక క్రియ, అసమాపక క్రియ అని చదువుకొంటిరి గదా. 'వెళ్లి, చూచి, నేర్చుకొని' అన్నంతవరకు వినువాని మనస్సు వేచియుండును. 'చేసితిని' అను మాట పడినపుడుగాని వాక్యమునకు విశ్రాంతి లేదు. విద్యార్థుల రెజ్యూమేలను ముందు పెట్టుకొని కూర్చున్న ప్రతిసారియు నాకు తోచునది ఇదియే: వానిలో విశేషణములు గుంపులు గుంపులుగా నుండును, కష్టజీవిని, శీఘ్రముగ గ్రహించువాడను, నాయకత్వ లక్షణములు గలవాడను అని; అసమాపకములు బారులు తీరియుండును, పాల్గొని, శిక్షణ పొంది, పరిచయము కలిగి అని; కాని 'ఇది నేను చేసితిని' అను సమాపక క్రియ మాత్రము ఎక్కడను కానరాదు. ఈ అధ్యాయమునంతయు ఒక్క వాక్యముగా కుదించి చెప్పవలెనన్నచో, మీ కాగితమునుండి విశేషణములను తొలగించి క్రియలను నిలుపుడు అని చెప్పుదును.

కిష్కింధాకాండలో హనుమంతుడు భిక్షురూపమున రామలక్ష్మణులను సమీపించి మాటలాడిన ఘట్టము మీకు గుర్తుండునా? తానెవ్వరో, ఎవరు పంపగా వచ్చెనో, ఎందులకు వచ్చెనో అతడు చెప్పెను. తాను మహాపండితుడనని మాత్రము చెప్పుకొనలేదు. అయినను ఆ మాటలు ముగియగానే, ఇంతసేపు పలికినను ఒక్క అపశబ్దము దొర్లలేదనియు, అతివిస్తరముగాని సందిగ్ధతగాని లేదనియు, వేదములను వ్యాకరణమును చక్కగ అభ్యసించినవాడుగాక ఇట్లు పలుకజాలడనియు రాముడు లక్ష్మణునితో ప్రశంసించెను. చూచితిరా! విశేషణము వినినవాని నోట పుట్టినది. చెప్పినవాడు పనిని మాత్రమే చూపెను. మీ రెజ్యూమే చదివినవాడు "ఈ అమ్మాయి కష్టపడే మనిషి" అని తనలో తాననుకొనవలెను; ఆ మాట మీరు వ్రాసినచో, ఆతడనుకొనుటకు ఏమియు మిగులదు.

ఇక దోషములను, వాని సవరణలను వరుసగా పరిశీలింతము.

1. ఎరువు తెచ్చిన కాగితము

సీనియరు ఫైలును చూచుట తప్పు కాదు. ఏ అంశము ఏ క్రమమున నుండునో తెలిసికొనుటకు అది ఉపకరించును. దానిలో మీ పేరు పెట్టి పంపుట తప్పు. ఎరువు సొమ్ముల వలెనే ఎరువు వాక్యములు కూడ సమయమునకు యజమాని పేరును బయటపెట్టును. పేరు మారినను తండ్రి పేరు పాతదే నిలిచిపోయిన కాగితములను, ఈసీఈ విద్యార్థి రెజ్యూమేలో సీఎస్‌ఈ ప్రాజెక్టు మిగిలిపోయిన కాగితములను నేను చూచియున్నాను. ఒకే కళాశాలనుండి వచ్చిన నలువది కాగితములను ఒకే మనిషి ఒకే ఉదయమున చదువునని మరువకుడు. మూడవ కాగితము దగ్గరనే ఆతనికి సంగతి తెలిసిపోవును.

సవరణ: ఫైలును మూసివేసి, తెల్లకాగితము మీద కలముతో ఆరంభింపుడు.

2. ఎవరికైనను సరిపడు ఆశయము

కాగితము శిరోభాగమున 'ఆబ్జెక్టివ్' అను శీర్షికతో, సవాళ్లతో కూడిన వాతావరణమున నా నైపుణ్యములను వినియోగించుచు సంస్థతోబాటు ఎదుగవలెననునది నా ఆశయము అను వాక్యము మీరును వ్రాసితిరా? ఈ వాక్యమును బ్యాంకువారికి పంపవచ్చును, ఆస్పత్రివారికి పంపవచ్చును, సిమెంటు కర్మాగారమునకు పంపవచ్చును. ఎక్కడికైనను సరిపడునది ఎక్కడను పనికిరాదు. మీ కాగితములో మొట్టమొదట చూపు పడు స్థలమది. దానిని పాడుపెట్టకుడు.

సవరణ: ఆ వాక్యమును పూర్తిగా తీసివేయుడు; లేదా దాని స్థానమున, మీరేమి చదువుచున్నారో, ఏ పనిని చేసి చూచితిరో, ఏ ఉద్యోగమును కోరుచున్నారో రెండు పంక్తులలో చెప్పుడు. బీకాం చివరి సంవత్సరపు విద్యార్థిని, ఒక ఆడిటరు కార్యాలయమున రెండు నెలలు జీఎస్‌టీ రిటర్నుల పనిలో తోడ్పడితిని, అకౌంట్స్ సహాయకురాలి ఉద్యోగమును కోరుచున్నాను అన్నచో, చదువువాడు వెంటనే మీకొక కుర్చీని ఊహించుకొనగలడు.

3. విశేషణముల మూట

ఇది అన్నిటికంటె ప్రబలమైన దోషము గనుక ఇచ్చట కొంత నిలిచి మాటలాడుదము. 'స్ట్రెంగ్త్స్' అను శీర్షిక క్రింద మీరు వ్రాయు మాటలు అసత్యములని నేననుట లేదు. మీరు నిజముగానే కష్టజీవులు కావచ్చును. కాని కష్టపడనివాడు కూడ ఆ మాటనే వ్రాయును గదా! అప్పుడు మీ ఇద్దరికి భేదమేమి?

తెనాలి ప్రాంతపు పల్లెటూరినుండి వచ్చిన డిగ్రీ విద్యార్థిని ఒకతెను ఊహించుకొనుడు. ఆమె కాగితములో ఎమ్మెస్ ఎక్సెల్ అని ఒకచోట, హార్డ్ వర్కర్ అని ఇంకొకచోట ఉన్నది. "ఎక్సెల్ ఎక్కడ వాడావమ్మా?" అని అడిగినచో ఆమె తటపటాయించి, "అదీ... మా నాన్నగారి ఎరువుల దుకాణం లెక్కలు రెండు వేసవుల్లో నేనే ఎక్కించాను సార్. అది ఇంట్లో పని కదా, అది కూడా రాస్తారా?" అనును. వ్రాయవలసినది అదియే! నూటయేబదిమంది రైతుల అరువు ఖాతాలు చేతివ్రాత పుస్తకములో చెల్లాచెదరుగా నుండగా, వానిని ఎక్సెల్‌లోనికి మార్చి, పంట చేతికి వచ్చునాటికి ఎవరి బాకీ ఎంతయో ఒక్క పుటలో కనబడునట్లు చేసిన పిల్ల, ఆ పనిని దాచిపెట్టి, దాని స్థానమున రెండు మాటల విశేషణమును పెట్టుకొన్నది. ఎంత నష్టము! మనలో ఇంటి పనిని, దుకాణపు పనిని, పొలము పనిని పనిగా లెక్కింపని అలవాటొకటి ఉన్నది. జీతము రాని పని పని కాదనుకొందుము. కాగితము చదువువాడు మీకు వచ్చిన జీతమును అడుగుట లేదు. మీరు మోసిన బాధ్యతను అడుగుచున్నాడు.

సవరణ: ప్రతి విశేషణమునకును ఎదురుగా మూడు ప్రశ్నలు వ్రాసికొనుడు. ఏమి చేసితిని? దేనితో, ఎట్లు చేసితిని? దానివలన ఏమి మారినది? మూటికిని సమాధానములు దొరికినచో ఆ విశేషణమును కొట్టివేసి సమాధానములనే నిలుపుడు. ఒక్కదానికిని దొరకనిచో ఆ విశేషణమునకు మీ కాగితములో చోటు లేదు.

ఎన్‌ఎస్‌ఎస్ సభ్యుడను అని వ్రాయువారు వేలమంది. 1969లో ఆరంభమైన ఆ పథకమున స్వచ్ఛంద సేవకుడు రెండేండ్లలో 240 గంటలు సేవచేయవలెను. ఏడు దినముల ప్రత్యేక శిబిరము కూడ ఉండును. ఆ 240 గంటలలో మీరేమి చేసితిరి? మీ శిబిరము జరిగిన ఊరిలో ఇంటింటికి వెళ్లి త్రాగునీటి స్థితిని గూర్చి వివరములు సేకరించితిరా? ఎన్ని ఇండ్లు? ఆ పట్టికను ఎవరికిచ్చితిరి? ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలలలో చదువువారికి సామాజిక సేవా ప్రాజెక్టు ఉన్నది గదా. దానిని కేవలము క్రెడిట్ల కొరకు పూర్తిచేసి మరచిపోయితిరా, లేక అందులో ఒక్క క్రియయైనను మీకు మిగిలినదా? వెదకుడు, తప్పక దొరకును.

భాషను గూర్చిన సూక్ష్మమొకటి ఇచ్చట చెప్పవలెను. తెలుగు వాక్యమున క్రియ తుదిని వచ్చును. మన ఆలోచన ఆ మార్గముననే నడచును గనుక, ఆంగ్లమున వ్రాయునపుడు కూడ ముందుగా సందర్భమును, పిదప పరికరమును చెప్పి, అసలు పనిని పంక్తి చివర దాచివేయుదుము. ఆంగ్ల రెజ్యూమేలో ప్రతి పంక్తియు క్రియతోనే మొదలు కావలెను: డిజైన్డ్, టెస్టెడ్, కలెక్టెడ్, ట్రెయిన్డ్ అని. 'నేను' అను మాటతో అచట పని లేదు. ఇది మనకు క్రొత్త కాదు. తెలుగున 'చేసితిని' అనగానే 'నేను' అందులో ఇమిడియే యున్నది.

4. తనది కాని ప్రాజెక్టు

హైదరాబాదు అమీర్‌పేటలో మైత్రీవనము చుట్టునున్న వీథులలో నడచినవారికి, శిక్షణ కేంద్రముల బోర్డుల నడుమ, చివరి సంవత్సరపు ప్రాజెక్టులను సిద్ధముచేసి యిచ్చెదమను ప్రకటనలు కూడ కనబడును. నలుగురు మిత్రులు తలా కొంత సొమ్ము వేసికొని అట్టిదానిని తెచ్చుకొనుటయు, దానిని నలుగురును తమ తమ రెజ్యూమేలలో ఒకే పేరుతో వ్రాసికొనుటయు పరిపాటియైనది. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న ఆ ప్రాజెక్టును గూర్చియే యగుననియు, మీ కాగితములో మీ చేతి పనియని చదువువాడు నమ్ముటకు వీలైన పెద్ద ఆధారము అదియే యనియు మీరెరుగుదురా? "ఈ డేటాబేసును ఎందుకు ఎంచుకున్నారు?" అని ఇంటర్వ్యూ చేయువాడు శాంతముగా అడుగును. నలుగురిలో ఒక్కరికిని సమాధానము రాదు. ఆ క్షణమున ఒక్క ప్రాజెక్టు పోవుటతో సరిపోదు. కాగితములోని తక్కిన సత్యములన్నియు కూడ సందేహమున పడును.

ఇప్పటికే కొనితెచ్చి యుంటిరా? నిరాశ చెందవలదు, ఇంకను కాలమున్నది. ఆ ప్రాజెక్టును తెరచి, ఒక చిన్న భాగమును మీ చేతితో మార్చుడు. విద్యార్థుల హాజరు లెక్కకట్టు ప్రోగ్రామైనచో, 75 శాతమునకు తగ్గినవారి పట్టికను ప్రతి శనివారము తనంత తానుగా తయారుచేయు భాగమును మీరు చేర్చుడు. పది దినములు పట్టవచ్చును, పదునైదు దినములు పట్టవచ్చును. అటుపిమ్మట ఆ భాగమును మాత్రమే మీదిగా వ్రాయుడు. చిన్న పనియైనను మీదైనపుడు దానిని గూర్చి అరగంట మాటలాడగలరు. పెద్ద పనియైనను పరులదైనపుడు అరనిమిషమైనను నిలువలేరు.

సవరణ: ప్రతి ప్రాజెక్టును మూడు పంక్తులలో ముగింపుడు. మొదటిది, ఎవరికి ఏ ఇబ్బంది ఉన్నది. రెండవది, జట్టులో నా భాగమేమి. మూడవది, చివరకు ఏమి పనిచేసినది, ఏమి పనిచేయలేదు. పనిచేయనిదానిని చెప్పుటకు వెనుదీయకుడు. నేల తేమను కొలుచు పరికరము ఇసుకనేలలో సరిగా పనిచేసి నల్లరేగడిలో తప్పు చూపినదని చెప్పగల విద్యార్థి, దానిని నిజముగా పొలమునకు తీసికొని వెళ్లెనని అడుగువానికి అర్థమగును.

5. నైపుణ్యముల సంత

సీ, సీ ప్లస్ ప్లస్, జావా, పైథాన్, ఎస్‌క్యూఎల్, మెషిన్ లెర్నింగ్, క్లౌడ్ అని పండ్రెండు పేర్లు ఒక వరుసలో చేర్చినంతమాత్రమున మీరు పండ్రెండు విద్యలు నేర్చినవారగుదురా? ఆ పండ్రెండింటిలో మీకు తక్కువ తెలిసినదానినే ప్రశ్నించువాడు పట్టుకొనును. అది ఆతని తప్పు కాదు, మీరే ఆహ్వానించితిరి. కొందరు వీనిప్రక్క నక్షత్రములు దిద్దుదురు, జావా 80 శాతమని గీతలు గీయుదురు. దేనిలో 80 శాతము? మొత్తము జావాను కొలిచినదెవరు?

సవరణ: మీ పట్టికను మూడు పాళ్లుగా విభజింపుడు. దీనితో ఏదో ఒకటి చేసితిని. దీనిని పాఠముగా చదివితిని. దీని పేరు వినియున్నాను. మూడవ పాలును నిర్దయగా తీసివేయుడు. రెండవ పాలును 'పరిచయము' అను పేరుతో వేరుగా చూపుడు. మొదటి పాలులోని ప్రతి పేరునకును పైనున్న ప్రాజెక్టులలోనో ఇంటర్న్‌షిప్పులోనో ఒక సాక్ష్యముండవలెను.

ధ్రువపత్రముల విషయమునను ఇదియే న్యాయము. రెండు గంటల వెబినారును విని పొందిన పత్రమును, ఎన్‌పీటెల్ వారి పండ్రెండు వారముల కోర్సును చదివి, వారము వారము అసైన్‌మెంట్లు వ్రాసి, పరీక్షా కేంద్రమునకు వెళ్లి పర్యవేక్షకుని ఎదుట వ్రాసి పొందిన పత్రమును ఒకే వరుసలో పెట్టకుడు. ఎన్‌పీటెల్‌లో తుది గణనకు అసైన్‌మెంట్లు 25 శాతము, పరీక్ష 75 శాతము. దాని విలువ చదువువానికి తెలియును. ఒక్క బరువైన పత్రము పది తేలికైన పత్రములను మించును. ఆ పదింటి నడుమ దానిని పెట్టితిరా, అది కూడ తేలిపోవును.

6. బయోడేటా అవశేషములు

తండ్రి పేరు, మతము, కులము, వివాహస్థితి, ఆధార్ సంఖ్య, పాస్‌పోర్టు సంఖ్య, ఇంటి పూర్తి చిరునామా, పై విషయములన్నియు సత్యములని ప్రమాణము చేయుచున్నాను అను ప్రకటన, దాని క్రింద స్థలము, తేది, సంతకము: ఇవన్నియు పాత దరఖాస్తు ఫారములనుండి మనకు వారసత్వముగా వచ్చినవి. ప్రైవేటు ఉద్యోగపు రెజ్యూమేకు వీనితో పని లేదు. ముఖ్యముగా ఆధార్, పాన్ సంఖ్యలను ఎన్నడును వ్రాయకుడు. ఆ కాగితము ఎన్ని చేతులు మారునో మీకు తెలియదు. ప్రభుత్వోద్యోగపు దరఖాస్తులోగాని, ఎన్నికైన పిమ్మట సంస్థవారిచ్చు ఫారములోగాని అడిగినపుడు అచట నింపుడు. ఊరు, ఫోను, ఈమెయిలు ఇచ్చట చాలును.

తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు మరియొకటి కలదు. మన ఇంటిపేరు ముందు వచ్చును. పదవ తరగతి మెమోలో ఒక తీరున, పాన్ కార్డులో ఒక తీరున, ఈమెయిలులో ఇంకొక తీరున ఉండును. ఒకచోట పొడి అక్షరము, ఒకచోట పూర్తి ఇంటిపేరు. రేపు ధ్రువపత్రముల పరిశీలనలో ఇది తలనొప్పిగా పరిణమించును. పదవ తరగతి మెమోలోని పేరునే ప్రమాణముగా గ్రహించి, అన్నిచోట్ల అదే క్రమమున, అదే వర్ణక్రమమున వ్రాయుడు.

7. అంకెలతో ఆటలు

6.8ను 7 అని వ్రాయుట, ఇంకను మిగిలియున్న బ్యాక్‌లాగును మరచినట్లు నటించుట, మధ్యలో పోయిన సంవత్సరమును తేదీలు సాగదీసి కప్పివేయుట చిన్న చిన్న చమత్కారములుగ తోచవచ్చును. పదవ తరగతి, ఇంటర్మీడియట్, డిగ్రీ అన్నిటను 60 శాతము ఉండవలెనని చాల సంస్థలు నియమము పెట్టుకొనుటయు, ఆ గీతకు రెండు మార్కుల దూరమున నిలిచినవాని వేదనయు నాకు తెలియనివి కావు. అయినను చెప్పుచున్నాను, అంకెను మార్చకుడు. ఉద్యోగ పత్రము చేతికి వచ్చిన పిమ్మట సంస్థలు మీ మెమోలను పరిశీలించును; అప్పుడు బయటపడిన అబద్ధము, రాని ఉద్యోగమును గాక, వచ్చి పోయిన ఉద్యోగమును మీకు మిగుల్చును. రెండవ దుఃఖము మొదటిదానికంటె ఎంతో పెద్దది.

సవరణ: సీజీపీఏను సీజీపీఏగానే వ్రాసి, 'పదింటికి' అని స్పష్టముగ చూపుడు. శాతములోనికి మార్చవలసివచ్చినచో మీ విశ్వవిద్యాలయము వారి సూత్రమునే వాడుడు. సీబీఎస్‌ఈ వారు గ్రేడుల కాలమున 9.5తో హెచ్చింపుమనిరి, మీ విశ్వవిద్యాలయపు సూత్రము వేరు కావచ్చును. పక్క గదివాని లెక్క మీది కాదు. మార్కులు తక్కువైనచో విద్యార్హతలను క్రిందికి దించి, చేసిన పనులను పైకి తెండు. దాచుట వేరు, క్రమమును మార్చుట వేరు. మొదటిది దోషము, రెండవది వివేకము.

8. ముస్తాబు ఎక్కువ, చదువు తక్కువ

ఇక రూపమును గూర్చి త్వరగా చెప్పి ముగింతును. నేడు చాల సంస్థలలో మీ కాగితమును మొదట చదువునది మనిషి కాదు, ఒక సాఫ్ట్‌వేరు. రెండు వరుసల అమరికలు, పెట్టెలు, బొమ్మలు, రంగు రంగుల గుర్తులు దానికి తికమకను కలిగించును. బొమ్మలో ఇమిడ్చిన మీ ఫోను నంబరు దానికి కనబడకపోవచ్చును. కావున ఒకే పుట, ఒకే వరుస, ఒకే ఫాంటు, స్పష్టమైన శీర్షికలు ఉండవలెను. వర్డులో వ్రాసినను పీడీఎఫ్‌గా పంపుడు. ఫైలుకు 'రెజ్యూమే ఫైనల్ కొత్తది 3' అను పేరు వలదు. మీ పేరే దాని పేరు. పదవ తరగతిలో అభిమాన నటుని పేరుతో తెరచిన ఈమెయిలును ప్రేమతో దాచుకొని, ఉద్యోగమునకు మీ పేరుతో వేరొకటి తెరవుడు. మార్చివేసిన పాత సిమ్ము నంబరు కాగితములో మిగిలినదేమో చూడుడు. మీరిచ్చిన గిట్‌హబ్, డ్రైవ్ లింకులను మిత్రుని ఫోనులో తెరచి చూడుడు. మీకు తెరచుకొన్న తలుపు ఇతరులకు తాళము వేసియుండవచ్చును.

పిదప అక్షరదోషములు. కంప్యూటరు ఎర్రగీత గీయనంతమాత్రమున తప్పు లేదనుకొనకుడు. 'నడిపితిని' అను అర్థమున మూడక్షరముల 'లెడ్' ఉండవలసినచోట, నాలుగక్షరముల వర్తమానరూపము 'లీడ్' అనేకుల కాగితములలో నిలిచియుండును. రెండును నిఘంటువులోని మాటలే గనుక యంత్రము పట్టుకొనదు. క్రింది పంక్తినుండి పై పంక్తికి, వెనుకనుండి ముందునకు, బిగ్గరగా చదువుడు. అప్పుడు కన్ను అర్థముతోబాటు పరుగెత్తక అక్షరము మీద నిలుచును.

9. అందరికి ఒకే కాగితము

లియొనార్డో డావించి సుమారు 1482 ప్రాంతమున, ముప్పది యేండ్ల వయస్సున, మిలాన్ పాలకుడు లుడోవికో స్ఫోర్జా కొలువును కోరుచు ఒక లేఖను సిద్ధపరచెను. తేలికగా మోసికొనిపోదగిన వంతెనలు, కోటలను పడగొట్టు ఉపాయములు, కవచముగల బండ్లు అని తాను చేయగల పనులను అంశములవారిగా సంఖ్యలు వేసి వ్రాసెను. శాంతికాలమున భవననిర్మాణము, నీటిని మరల్చుట తెలియునని పిదప చేర్చెను. చిత్రలేఖనము సంగతి దాదాపు తుదకు వచ్చినది! లోకము నేడు ఎవరిని చిత్రకారుడని కొలుచుచున్నదో, ఆతడే తన చిత్రకళను దాదాపు చివర నిలిపెను. ఏల? ఆ ప్రభువునకు అప్పుడు కావలసినది యుద్ధసామగ్రి. తన గొప్పలలో తనకు ప్రియమైనది ఏదియని గాక, ఎదుటివానికి అవసరమైనది ఏదియని ఆలోచించి ఆతడు క్రమమును నిర్ణయించెను.

సవరణ: చేసిన పనులన్నిటితో ఒక పెద్ద కాగితమును మీ వద్ద నుంచుకొనుడు. ఉద్యోగ ప్రకటన వచ్చినపుడు దానిని రెండుమార్లు చదివి, అందులోని ముఖ్యమైన పనుల క్రింద గీతలు గీసి, ఆ పనులకు సరిపోవు మీ పంక్తులను పెద్ద కాగితమునుండి ఏరి, మీరు పంపు పుటలో ముందు నిలుపుడు. ఒక గంట పని; ఒక సంవత్సరపు నిరీక్షణను తగ్గింపవచ్చును.

ఒక వారపు అభ్యాసము

చదివి మూసివేసిన పుస్తకము ప్రయోజనము నీయదు. కావున రేపటినుండి ఏడు దినములు ఇట్లు చేయుడు.

మొదటి దినము, గత మూడేండ్లలో మీరు చేసిన పనులన్నిటిని, ఇంటి పనిని, దుకాణపు పనిని, కళాశాల ఉత్సవపు పనిని గూడ విడువక, పెద్ద చిన్న భేదము చూడక వ్రాసికొనుడు.

రెండవ దినము, ఒక్కొక్కదానిని మూడు ప్రశ్నలు అడుగుడు: ఏమి, ఎట్లు, దానివలన ఏమి మారినది.

మూడవ దినము, మీరు కోరు ఉద్యోగముల ప్రకటనలను అయిదింటిని చదివి, అన్నిటిలో మరల మరల వచ్చు అవసరములను గుర్తింపుడు.

నాలుగవ దినము, ఒక్క పుట చిత్తుప్రతి వ్రాయుడు.

అయిదవ దినము, దానిని మీ విషయము తెలియని మిత్రునికిచ్చి, ఒక్క నిమిషము చదివించి, కాగితము తిరిగి తీసికొని, "నేనేం చేశానని నీకు గుర్తుంది?" అని అడుగుడు. ఆతడు చెప్పలేనిదానిని తిరిగి వ్రాయుడు.

ఆరవ దినము, పేరు, నంబరు, లింకులు, తేదీలు, అక్షరములు సరిచూడుడు.

ఏడవ దినము, అద్దము ముందు గాక ఒక మనిషి ముందు కూర్చుండి, ప్రతి పంక్తిని గూర్చి మూడు ప్రశ్నలు అడిగించుకొనుడు. నిలువలేని పంక్తిని ఆనాడే తొలగింపుడు.

ఇంతయు చేసిన పిమ్మట మీ పుట సగము ఖాళీగా మిగిలినచో ఏమి చేయవలెను? ఈ ప్రశ్న అడుగుటకు అనేకులు భయపడుదురు. ఆ భయముననే మరల విశేషణముల దగ్గరకు పరుగెత్తుదురు. అట్లు చేయకుడు. ఆ ఖాళీ స్థలము మీ అసమర్థతకు గుర్తు కాదు. మీరు తరువాత ఏమి చేయవలెనో అది చూపుచున్నది. మీరు రెండవ సంవత్సరమున నున్నవారైనచో మీ చేతిలో రెండు వేసవులున్నవి. చివరి సంవత్సరమున నున్నవారైనచో నాలుగు నెలలైనను ఉన్నవి. మీ ఊరి గ్రంథాలయములో పుస్తకముల పట్టిక లేదా? తయారుచేయుడు. మీ వీథిలోని కిరాణా కొట్టువాడు నెల సరకుల లెక్కకు అవస్థ పడుచున్నాడా? సహాయపడుడు. మీ జూనియర్లకు మొదటి సెమిస్టరు గణితము కొరుకుడు పడుట లేదా? వారమునకు రెండు సాయంకాలములు కూర్చుండబెట్టి చెప్పుడు. ఈ పనులకు ఎవరి అనుమతియు అక్కరలేదు, ఏ సంస్థ ప్రకటనయు అక్కరలేదు.

క్రియ కాగితము మీద పుట్టదు. అది మీ దినచర్యలో పుట్టి, తరువాత కాగితము మీదికి నడచి వచ్చును. ఈ రాత్రి మీ రెజ్యూమేను తెరచి, ఒక విశేషణమును కొట్టివేయుడు. ఆ ఖాళీలో ఏ క్రియను నిలుపవలెనో ఆలోచించి, రేపు ఉదయము ఆ పనిని మొదలుపెట్టుడు. వాక్యము ఇంకను ముగియలేదు. సమాపక క్రియ మీ చేతిలోనే యున్నది.